కేబుల్ పని చేశాక విమానంలో తేడా: సమస్య, కారణం, పరిష్కారం

పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు, హ్యాంగర్‌లో కొత్తగా చేరిన మెకానిక్‌లు ఇది తప్పకుండా చదవండి. ఇందులో చెప్పిన మూడు ప్రమాదాలూ నిజంగా జరిగినవే.

సమస్య 1: ఎలివేటర్ (తోక మీద పైకీ కిందికీ వంగుతూ ముక్కును ఎత్తే, దించే పలక) కేబుల్ సరిచేశాక రోజంతా బాగానే ఎగిరింది. బరువు నింపేసరికి ముక్కు పైకి లేచిపోతోంది, కంట్రోల్ ముందుకు నెట్టినా దిగట్లేదు.

కారణం: కేబుల్ బిగువు కుదిరింది కానీ ఎలివేటర్ కదలాల్సినంత కదలట్లేదు. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో ఎయిర్ మిడ్‌వెస్ట్ 5481కి ఇదే జరిగింది. అది చిన్న బీచ్‌క్రాఫ్ట్ 1900డి. ఒకటి రెండు రోజుల ముందు హంటింగ్టన్‌లో రాత్రిపూట టర్న్‌బకిల్ (కేబుల్ బిగువు సరిచేసే మర) తిప్పి కేబుల్ సరిచేసిన మెకానిక్‌కు ఆ మోడల్ మీద ఆ పని చేయడం అదే మొదటిసారి, మాన్యువల్‌లోని కొన్ని స్టెప్పులు వదిలేశారు, పక్కనుండి నేర్పిస్తున్న ఇన్‌స్పెక్టర్ కూడా అందుకు సరేనన్నారు, చివరికి పని తనిఖీ చేసిందీ ఆయనే. ఎలివేటర్ కిందికి దాదాపు 14 డిగ్రీలు వంగాలి, వంగింది 7. తర్వాత తొమ్మిది ఫ్లైట్లు ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లాయి. పదోసారి విమానం నిండింది, బరువు పరిమితి దాటింది, ఆ భారం తోక వైపు ఎక్కువైంది. అలాంటప్పుడు ముక్కు దించాలంటే ఎలివేటర్ మామూలు కంటే ఎక్కువ వంగాలి, ఆ వంగడమే లేదు. 21 మంది చనిపోయారు. వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే వదిలేసిన స్టెప్పుల్లోనే ఆ తప్పు బయటపడేది.

పరిష్కారం: బిగువు చూసి ఊరుకోకండి. ఒకరు కాక్‌పిట్‌లో కంట్రోల్ పూర్తిగా ముందుకూ వెనక్కీ నెట్టాలి, మరొకరు తోక దగ్గర నిలబడి కోణం కొలవాలి. సీట్లో ఉన్న పైలట్‌కు తోక కనబడదు కాబట్టి ఒక్కరే చేస్తే లాభం లేదు. ఆ తర్వాత డ్యూప్లికేట్ ఇన్‌స్పెక్షన్ (రెండోసారి తనిఖీ) ఆ పనిలో చెయ్యి పెట్టని మనిషి చేయాలి. ఎక్కించే బరువు అంచనా వేయకండి, తూచండి.

సమస్య 2: ట్రిమ్ చక్రం (కంట్రోల్‌ను నెట్టిపట్టుకోకుండానే ముక్కును కావలసిన చోట నిలిపే చక్రం) ఒకవైపు తిప్పితే ముక్కు రెండోవైపు పోతోంది.

కారణం: కేబుళ్లు తారుమారయ్యాయి. అదే ఏడాది ఆగస్టు 26న మసాచుసెట్స్‌లోని హయానిస్ నుంచి లేచిన కోల్గన్ ఎయిర్ 9446 ఇలాగే సముద్రంలో పడింది, ఇద్దరు పైలట్లూ పోయారు. అదీ 1900డినే. మాన్యువల్‌లో ట్రిమ్ డ్రమ్ (ట్రిమ్ కేబుల్ చుట్టుకునే భాగం) బొమ్మ తిరగేసి ఉంది, ఎగిరే ముందు చేయాల్సిన చెక్ కూడా జరగలేదు.

పరిష్కారం: నేల మీదే ట్రిమ్ తిప్పండి, తోక దగ్గర ఉన్న మనిషి ట్యాబ్ (ఎలివేటర్ అంచున ట్రిమ్‌తో కదిలే చిన్న పలక) ఎటు కదిలిందో నోటితో చెప్పాలి. బొమ్మకూ ఎదురుగా కనిపించే భాగానికీ పొంతన లేకపోతే పని ఆపి అడగండి, టెన్షన్ పడి ముగించేయకండి.

సమస్య 3: షిఫ్ట్ మారింది, పాత షిఫ్ట్ ఏం విప్పిందో కాగితం మీద లేదు.

కారణం: సగంలో ఆగిన పని. 1991 సెప్టెంబర్ 11న టెక్సాస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574 తోక అంచున పైవైపు 47 స్క్రూలు లేకుండానే ఎగిరింది. సాయంత్రం షిఫ్ట్ విప్పింది, రాత్రి షిఫ్ట్‌కు ఆ సంగతి తెలియలేదు. 14 మంది పోయారు.

పరిష్కారం: విప్పిన ప్రతి స్క్రూ విప్పిన వెంటనే రాయండి, షిఫ్ట్ చివర్లో గుర్తు తెచ్చుకుని కాదు. పని అందుకునే షిఫ్ట్ వాళ్లు ఆ కాగితం చేత్తో పట్టుకుని విమానం దగ్గర నిలబడి చూసుకున్నాకే సంతకం పెట్టాలి.