తమ్ముడి నిద్ర క్యాలెండర్: బైపోలార్ ఉన్న ఇంట్లో ఆత్మహత్య ప్రమాదాన్ని కనిపెట్టడం ఎలా

మా తమ్ముడికి బైపోలార్ అని తేలి తొమ్మిదేళ్లయింది. కొన్నాళ్లు విపరీతమైన దిగులు, కొన్నాళ్లు అదుపులేని హుషారు (దీన్నే మ్యానియా అంటారు) కమ్మే మానసిక జబ్బు ఇది. అప్పటికి వాడికి 22 ఏళ్లు. మాది గుంటూరు వైపు పల్లె, మిరప వేస్తాం. ఈ తొమ్మిదేళ్లలో రెండుసార్లు వాడు మాకు దక్కకుండా పోయేవాడే. రెండుసార్లూ, ప్రమాదం ఉందనుకున్నన్నాళ్లూ కాపలా కాసి, గండం గడిచిందని మేం ఊపిరి పీల్చుకున్నాకే అది జరిగింది. మీ ఇంట్లోనూ ఈ జబ్బుతో ఎవరైనా ఉంటే, మేం ఆలస్యంగా తెలుసుకున్నవి మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

బైపోలార్ ఉన్నవాళ్లలో ఆత్మహత్య ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 20 నుంచి 30 రెట్లు ఎక్కువని డాక్టర్లు చెబుతారు. వినగానే గుండె జారుతుంది. కానీ ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్లే చాలా ఎక్కువమంది. పైగా ప్రమాదం అన్ని రోజుల్లో ఒకేలా ఉండదు. ఏ రోజుల్లో ముదురుతుందో పట్టుకోవడమే ఇంట్లోవాళ్ల పని.

దిగులు కమ్మినప్పుడు తమ్ముడు మంచం దిగడు, తల దువ్వుకోడు, కంచం ముందు ముద్ద కలిపి అలాగే కూర్చుంటాడు. అప్పుడు ఇంటిల్లిపాదీ చుట్టూ ఉంటాం. మొదటిసారి అలా మూడు వారాలు గడిచాక ఒక పొద్దున లేచి గడ్డం గీసుకున్నాడు. చేలోకి వస్తానన్నాడు. అమ్మ సంతోషంతో పెరుగన్నం కట్టిచ్చింది. ఆ సాయంత్రమే గండం వచ్చింది, పక్క చేలో మనిషి చూడబట్టి బతికాడు. తర్వాత డాక్టరుగారు చెప్పారు, కోలుకునేటప్పుడు ఒక్కోసారి ఒంట్లో ఓపిక ముందు తిరిగొస్తుంది, మనసులో దిగులు ఇంకా అలాగే ఉంటుందని. అంతకుముందు చేయలేనిది చేసే శక్తి అప్పుడు వస్తుంది. కాబట్టి మనిషి లేచి తిరుగుతున్నాడని కాపలా తీసేయకండి. బాధలో ఉన్న మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా మారి, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతూ, అప్పులూ లెక్కలూ అప్పజెబుతుంటే ఇంకా జాగ్రత్తపడాలి.

ప్రమాదం ముదిరే రెండో సందర్భం డాక్టర్లు మిక్స్‌డ్ స్టేట్ అనేది. అందులో దిగులూ, మ్యానియా ఉరుకులూ రెండూ కలిసే ఉంటాయి. మా వాడు అర్ధరాత్రి రెండింటికి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ, గడగడా మాట్లాడుతూ, మాట మధ్యలోనే ఏడ్చేవాడు. చెయ్యి పట్టుకుంటే విదిలించి కొట్టేవాడు. మా పిన్ని అది గాలి అంది, నిమ్మకాయలు తీయించింది. ఆమె ప్రేమను కాదనను, కానీ ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లి ఉండాల్సింది. ఏడుపు, చిరాకు, నిద్రలేమి, ఆగని హడావుడి ఒకేసారి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాలు కూడా గండమే. అలాగే మ్యానియా దిగిపోయిన రోజులు. ఊళ్లో ఎవరినేం అన్నాడో, ఎంత అప్పు చేశాడో అప్పుడే గుర్తొచ్చి సిగ్గుతో కుంగిపోతాడు. ఆ లెక్కలు అడగడానికి అది సమయం కాదు. గతంలో ఒకసారి ప్రయత్నం చేసి ఉన్నా, ఇంటి వంశంలో ఎవరైనా అలా పోయి ఉన్నా, మద్యం తాగే అలవాటున్నా ప్రమాదం పెరుగుతుంది.

ఇక క్యాలెండర్. మా గోడకున్న తెలుగు క్యాలెండర్లో, తిథి నక్షత్రాల పక్కనే, తమ్ముడు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో రోజూ రాస్తాను. 7, 7, 6, 4, 3. ఇలా దిగుతుంటే మనిషి ఇంకా బాగానే కనిపిస్తున్నా డాక్టరుకు ఫోన్ చేస్తాం. వాడికి చెప్పే రాస్తాను. ఈ మధ్య వాడే రాసుకుంటున్నాడు.

అన్నిటికన్నా కష్టమైంది అడగడం. ఆ మాటెత్తితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని ఏళ్ల తరబడి భయపడ్డాను. అడిగితే ఆలోచన పుట్టదు. అడిగాక చాలామందికి బరువు దిగినట్టుంటుంది. ఒక మధ్యాహ్నం మెట్ల మీద మిరపకాయల తొడాలు తీస్తూ అడిగాను.

“చిన్నా, చచ్చిపోవాలనిపిస్తోందారా?”

చేతిలో కాయ అలాగే పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “రోజూ అనిపిస్తోందక్కా” అన్నాడు.

“ఎలా అని కూడా అనుకున్నావా?”

తలూపాడు.

నేను తిట్టలేదు, అమ్మ ఏమైపోతుందిరా అనలేదు. “చెప్పావు, మంచి పని చేశావు. ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేను పక్కనే ఉంటా” అన్నాను. మీరూ ఇలాగే సూటిగా అడగండి. “పిచ్చి ఆలోచనలేం లేవు కదా?” అని అడిగితే “లేవు” అనే చెబుతారు. ఎలా, ఎప్పుడు అన్నది కూడా అనుకుని ఉంటే అది అత్యవసరం. ఒంటరిగా వదలకండి.

ఆ రోజే నాన్న పురుగుమందులన్నీ ఇంట్లోంచి తీసి వేరే ఊళ్లో బాబాయి దగ్గర తాళం వేసి పెట్టించాడు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ అమ్మ దగ్గరే ఉంటాయి, ఏ పూటకాపూట ఇస్తుంది. ఆ తలంపు చాలాసార్లు కెరటంలా వచ్చి పోతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి నిలబడతాడు.

మందుల గురించి ఒక్క మాట. తమ్ముడు వాడేది లిథియం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మ్యానియాకు ఇది పనిచేస్తుందని రాశారు. ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్న మందుల్లో ఇదొకటి. బాగున్నాను కదా అని ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. రక్తంలో లిథియం ఎంత ఉందో, కిడ్నీలు, థైరాయిడ్ ఎలా ఉన్నాయో డాక్టరు చెప్పినప్పుడల్లా పరీక్ష చేయించాలి. మా ఎండల్లో చెమటకు ఒంట్లో నీళ్లు తగ్గినా, విరేచనాలైనా లిథియం మోతాదు మించిపోవచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలుతూ నడవడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరును అడక్కుండా వేయొద్దు.

కేసవుతుందని భయపడి ఆస్పత్రికి తీసుకెళ్లని ఇళ్లు నాకు తెలుసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చూడాలి, శిక్షించకూడదు. ప్రాణం మీదికి వస్తే 108కి ఫోన్ చేయండి. మాట్లాడే మనిషి కావాలంటే టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఇంట్లోవాళ్లూ చేయొచ్చు. మిమ్మల్నే ఆ ఆలోచనలు వేధిస్తుంటే ఇది చదవడం ఆపి ఆ నంబరుకు చేయండి, పక్కనున్న ఒక్కరికైనా చెప్పండి.

తమ్ముడు బాగున్న రోజుల్లో ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. వాడికి ముందుగా కనిపించే గుర్తులు, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడికి వెళ్లాలి. మొదటి గుర్తుగా “పాటలు వినబుద్ధి కాదు” అని వాడే రాశాడు. తొమ్మిదేళ్లు పక్కనే ఉన్నా అది నాకు తెలియదు. ఆ కాగితం ఇప్పుడు క్యాలెండర్ కింద అంటించి ఉంది.