అను ఫాంట్ల నోట్సును ఎన్‌వీడీఏ చదివేలా చేసిన పద్ధతి

అనంతపురంలో చూపులేని పీజీ విద్యార్థులకు తెలుగు నోట్సు పీడీఎఫ్‌గా పంపితే, తెరమీది పాఠాన్ని పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వల్లించేది. దాంతోపాటే వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు, కాబట్టి లోపం అక్కడ లేదు. నోట్సు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టింది. తెరమీద కనిపించేది తెలుగే, లోపలున్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు.

పీడీఎఫ్‌తో కుస్తీ దండగ. సెంటర్‌వాళ్లను అసలు పేజ్‌మేకర్ ఫైలే అడిగి తీసుకుని, అందులోని పాఠాన్ని అను కోడ్‌లను యూనికోడ్‌కు (ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే కోడ్‌కు) మార్చే కన్వర్టర్‌లో వేసి, వర్డ్‌లో నిర్మలా యూఐ ఫాంట్‌తో అతికించాలి. మధ్యలో ఇంగ్లిష్ పదాలుంటే కన్వర్టర్ వాటినీ తెలుగనుకుని పిచ్చిగీతలు చేస్తుంది. ముందే తీసి పక్కన పెట్టుకోవాలి. ఒత్తులు కూడా తారుమారవుతాయి, ఒకసారి చదివి దిద్దక తప్పదు.

అసలు ఫైలు దొరక్కపోతే 300 డీపీఐలో స్కాన్ చేసి, నాలుగైదు పేజీల చొప్పున గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవాలి. అది బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మారుస్తుంది. పట్టికల్లో వరుసలు కలిసిపోతాయి. అవి చేత్తో కొట్టడమే మేలు.

అధ్యాయాల పేర్లను బోల్డ్ చేస్తే చాలదు, హెడింగ్ స్టైల్ ఇవ్వాలి. అప్పుడు ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో (ఒక్కో అక్షరం మీటతో పత్రంలో దూకుతూ వెళ్లే పద్ధతిలో) హెచ్ నొక్కుతూ విద్యార్థి అధ్యాయం నుంచి అధ్యాయానికి వెళ్లగలుగుతాడు.

పరీక్ష సంగతి వేరు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకు మరో గంట. ఇది హాల్లో ఇన్విజిలేటర్‌తో వాదించే విషయం కాదు, పరీక్షల విభాగం నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.