హెడ్ కోచ్ విజిల్ అందుకునే ముందు

నిన్నటిదాకా ఫుట్‌బాల్ జట్టులో అసిస్టెంట్‌గా ఉన్న మీతో కుర్రాళ్లు మోకాలి నొప్పి, ఇంట్లో గొడవ అన్నీ చెప్పుకున్నారు. ఇక మీరు హెడ్ కోచ్ అయ్యాక దాస్తారు. జట్టులో ఎవరుండాలో తేల్చేది మీరే కదా! అందుకే వాళ్లు నోరు విప్పగల అసిస్టెంట్‌ను ముందే వెతుక్కోండి. నా లెక్కలో ఫార్మేషన్ (మైదానంలో ఎవరు ఎక్కడ నిలబడాలనే అమరిక) కన్నా ఇదే ముఖ్యం.

• పాత కోచ్‌ గారి పద్ధతులు మొదటివారమే మార్చేయొద్దు.

• కోనసీమ బంకమట్టి వానకి బూట్ల అడుగున ఉండే స్టడ్స్ (బొడిపెలు) మధ్య ముద్దకడుతుంది. గీకే పుల్ల కిట్‌లో పెట్టండి. నీళ్లు నిలిచినచోట నేలబారు పాస్ ఆగిపోతుంది. బంతి లేపి ఆడటం ముందే ప్రాక్టీస్ చేయించండి.

• హాఫ్‌టైమ్ 15 నిమిషాలు మించదు. రెండు మాటలే చెప్పండి.

• "మావాణ్ణి దింపలేదేంటండీ?" అని తండ్రులు గేటు దగ్గరే పట్టుకుంటారు. "రేపు మాట్లాడదామండి" అనేసి కదలండి.

• టోర్నమెంట్‌కి ఏ కోచింగ్ లైసెన్స్ అడుగుతారో కనుక్కోండి.