సూపర్‌చార్జర్ బోటు ఇంజిన్‌కు ఇంధన పంపు: కొనే ముందు జాగ్రత్తలు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఎక్కువగా కనిపించేవి డీజిల్ బోట్లు; ఇక్కడ చెప్పేది పెట్రోలు ఇంజిన్ల గురించి.

సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న 300 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి శక్తితో నడిస్తే గంటకు సుమారు 110 లీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది కనుక, కనీసం 130 లీటర్లు ఇచ్చే పంపును ఎంచుకోవాలి. అయితే పెట్టె మీది అంకెను నమ్మి కొనరాదు: ఇంధన పీడనాన్ని అదుపుచేసే రెగ్యులేటర్ బూస్టును (సూపర్‌చార్జర్ పెంచే గాలి పీడనాన్ని) అనుసరించేదైతే, 3 బార్ల మూల పీడనానికి 0.5 బార్ బూస్టు కలుస్తుంది, పీడనం పెరిగేకొద్దీ ప్రవాహం తగ్గుతుంది కాబట్టి 3.5 బార్ల వద్ద ఎంత ఇస్తుందో అడగాలి.

కారు పంపు చవకే, కానీ మూసి ఉన్న ఇంజిన్ గదిలో పెట్రోలు ఆవిరి నిలుస్తుంది. నిప్పురవ్వ బయటకు పొక్కని మెరైన్ పంపునే బిగించాలి. ఇందులో బేరం లేదు.

పంపు సీళ్లు పెట్రోలులో కలిపే 20 శాతం ఇథనాల్‌ను తట్టుకోవాలి. ఉప్పుగాలికి వైర్ల కనెక్షన్లు తుప్పుపడితే వోల్టేజి తగ్గి మంచి పంపు కూడా నీరసిస్తుంది. వోల్టేజిని పంపు దగ్గరే, ఇంజిన్ నడుస్తుండగా కొలవాలి.