మీ వస్తువు గురించి కస్టమర్లకు చెప్పడం ఎలా?

మంచి వస్తువు తయారుచేస్తే జనం వాళ్ళంతట వాళ్ళే వెతుక్కుంటూ వస్తారని చాలామంది నమ్ముతారు. రారు. ఉందని తెలియని వస్తువును ఎవరూ వెతకరు. అలాగని చేతిలో ఉన్న డబ్బంతా ప్రకటనల్లో పోసినా అమ్ముడుపోతుందన్న నమ్మకం లేదు. నేను వ్యాపార సంస్థలకు ప్రకటనలు రాసే పనిలో ఉన్నాను. ఈ పనిలో నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. అమ్మిపెట్టే మాటలు ఆఫీసులో కూర్చుంటే దొరకవు, అప్పటికే కొన్నవాళ్ళ నోట్లో ఉంటాయి. వాటిని విని, సరైన మనుషులకు సరైన చోట తిరిగి చెప్పి, ఎంతమంది కొన్నారో లెక్క చూసుకోవాలి. ఆ పని ఏ వరసలో చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

1. ముందు కొన్నవాళ్ళతో మాట్లాడండి

పైసా ఖర్చు పెట్టకముందే చేయాల్సిన పని ఇది. మీ దగ్గర కొన్నవాళ్ళలో ఓ పది మందికి ఫోన్ చేయండి. "మా వస్తువు నచ్చిందా?" అని మాత్రం అడగొద్దు. మొహమాటానికి నచ్చిందనే అంటారు, దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. ఇలా అడగండి: ఇది కొనకముందు ఏ ఇబ్బంది పడేవారు? దీని గురించి మొదట ఎక్కడ తెలిసింది? కొనే ముందు ఏం అనుమానం వచ్చింది? మీ స్నేహితులకు దీని గురించి చెప్పాల్సివస్తే ఏమని చెబుతారు?

వాళ్ళు చెప్పేది చెప్పినట్టే రాసుకోండి. మీ భాషలోకి మార్చకండి. ఒక సంస్థ బల్ల మీద పెట్టుకునే దీపాలు అమ్ముతోంది అనుకుందాం. తయారుచేసినవాళ్ళకు దాని బల్బు, మెడ వంగే తీరు, రంగులు గొప్ప. కొన్నావిడ మాత్రం, "నేను రాత్రి ఒంటిగంట దాకా చదువుకుంటాను, పక్కనే మా చెల్లి పడుకుంటుంది. ఇదివరకు లైటు తీసేయమని రోజూ గొడవ. ఇప్పుడు ఆ గొడవ లేదు" అంటుంది. దీపం గురించి ఇంతకన్నా మంచి ప్రకటన ఎవరూ రాయలేరు.

ఇంకా ఎవరూ కొనలేదా? నలుగురికి ఓ వారం వాడమని ఇచ్చి అప్పుడు అడగండి. అలాగే మీ పోటీదారుల వస్తువుల కింద జనం రాసిన రివ్యూలు చదవండి. అయిదు నక్షత్రాలవి, ఒక్క నక్షత్రానివి వదిలేయండి. రెండు, మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్ళే సాధారణంగా ఏది బాగుందో, ఏది లేదో విడమరిచి రాస్తారు.

2. ఎవరికి చెబుతున్నారో తేల్చుకోండి

"మా వస్తువు అందరికీ పనికొస్తుంది" అనే మాట దగ్గరే చాలా డబ్బు పోతుంది. అవసరం లేనివాళ్ళ ముందు పెట్టిన ప్రకటన అడవి కాచిన వెన్నెలే. పై దీపం విషయమే చూడండి. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు ఉండే విద్యార్థులు మొదటి గుంపు. పగలు ఉద్యోగం, రాత్రి చదువు ఉన్నవాళ్ళు రెండో గుంపు. చంటిపిల్లల తల్లులు మూడో గుంపు. మొదట ఒక్క గుంపును ఎంచుకోండి, అక్కడ నిలదొక్కుకున్నాక రెండోదాని దగ్గరకు వెళ్ళొచ్చు.

వాడేవాళ్ళు, డబ్బు ఇచ్చేవాళ్ళు వేరైతే ఇంకో చిక్కు ఉంది. దీపం వాడేది విద్యార్థి, కొనిపెట్టేది తల్లిదండ్రులు. విద్యార్థికి గొడవ తప్పడం ముఖ్యం. తల్లిదండ్రులకు కళ్ళు, మన్నిక, వారంటీ ముఖ్యం. ఇద్దరికీ ఒకే ప్రకటన చాలదు.

3. చెప్పాల్సింది ఒక్క మాటలో పెట్టండి

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. మామూలుగా వచ్చే మొదటి వాక్యం ఇలా ఉంటుంది: "అత్యాధునిక టెక్నాలజీతో, అద్భుతమైన డిజైన్‌తో, మీ ఇంటికి కొత్త వెలుగు!" ఇందులో దీపం తీసేసి టీవీ పెట్టినా, కిటికీ పెట్టినా సరిపోతుంది. ఏ వస్తువుకైనా సరిపోయే వాక్యం ఏ వస్తువునూ అమ్మదు.

రెండోసారి: "తక్కువ వెలుగులో కూడా హాయిగా చదువుకోండి." కాస్త నయం, కానీ ఎవరి సమస్యో తెలియడం లేదు.

మూడోసారి, ఆవిడ మాట దగ్గరకు వెళ్ళి రాస్తే: "మీరు చదువుకోండి, పక్కవాళ్ళు పడుకుంటారు. వెలుగు పుస్తకం దాటి పోదు." ఇప్పుడు చదివినవాళ్ళకు తమ గది కళ్ళకు కడుతుంది.

ఈ విద్యకు పేరుపొందిన ఉదాహరణ 1958లో డేవిడ్ ఒగిల్వీ అనే ప్రకటనల రచయిత రోల్స్ రాయిస్ కారుకు రాసిన ప్రకటన. గంటకు 60 మైళ్ళ వేగంలో ఈ కారులో వినిపించే పెద్ద చప్పుడు గడియారానిదే అన్నది దాని శీర్షిక సారాంశం. నిశ్శబ్దం, విలాసం లాంటి మాటలే ఆ శీర్షికలో లేవు. పైగా అది ఆయన ఊహించిన మాట కూడా కాదు. కారును నడిపి చూసిన ఒక మోటారు పత్రిక సాంకేతిక సంపాదకుడు చెప్పిందని ఆ ప్రకటనలోనే ఉంది. వాడి చూసినవాళ్ళ మాటకున్న బలం అలాంటిది.

రాసిన వాక్యాన్ని మూడు రకాలుగా పరీక్షించండి. మీ పేరు తీసి పోటీదారు పేరు పెట్టండి. అప్పుడూ అతికితే మళ్ళీ రాయాలి. ఎవరికైనా ఫోన్‌లో చదివి వినిపించండి, "అంటే?" అని అడిగితే మళ్ళీ రాయాలి. అందులో చెప్పింది నిజమని చూపించగలరా అని మిమ్మల్ని మీరే అడగండి, చూపించలేనిది కొట్టేయాలి.

ఆ మాట కింద రెండు సంగతులు తప్పకుండా ఉండాలి. ఒకటి, కస్టమర్ తరవాత ఏం చేయాలి: ఫోన్ చేయాలా, ఫారం నింపాలా, దుకాణానికి రావాలా? ఒక్కటే చెప్పండి. రెండోది, కొనే ముందు వాళ్ళకు వచ్చే భయానికి జవాబు. కళ్ళతో చూడకుండా వస్తువు కొనడమంటే ఎవరికైనా టెన్షనే. అమెరికాలో 1872లో కేటలాగ్ ద్వారా పోస్టులో సరుకు అమ్మడం మొదలుపెట్టిన మాంట్‌గొమరీ వార్డ్ సంస్థకు ఇదే సమస్య ఎదురైంది. నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తామని వాళ్ళు 1875లో హామీ ఇచ్చారు. ఇవాళ చాలా ఆన్‌లైన్ అమ్మకాలు ఆ దారిలోనే నడుస్తున్నాయి. మీరు కూడా ఏదైనా హామీ ఇవ్వగలిగితే దాన్ని చిన్న అక్షరాల్లో అడుగున దాచకండి, ధర పక్కనే పెట్టండి.

4. ఎక్కడ చెప్పాలో ఎంచుకోండి

పేపరు, రేడియో, టీవీ, కరపత్రాలు, సోషల్ మీడియా, వీడియోలు, ఎగ్జిబిషన్లు... అన్నింట్లో ఉండాలని పరిగెత్తితే ఎక్కడా నిలవరు. ఒకటి రెండు చాలు. ఎంచుకోవడానికి నేను వాడే పద్ధతి ఇది. జనం ఆ వస్తువు కోసం ఇప్పటికే వెతుకుతుంటే సెర్చ్ ప్రకటనలు, అంటే గూగుల్ లాంటి చోట వెతికినప్పుడు కనిపించేవి, పెట్టండి. అలాంటి వస్తువు ఉందనే తెలియకపోతే అది పనిచేసే తీరు వీడియోలో చూపించండి. చీకటి గదిలో దీపం వెలిగించి, పక్క మంచం చీకట్లోనే ఉండడం పది సెకన్లలో చూపిస్తే వంద మాటలు అక్కర్లేదు. ఖరీదైన వస్తువో, ఆలోచించి కొనే యంత్రమో అయితే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సిందే.

సోషల్ మీడియాలో మీకు ఎంతమంది ఫాలోవర్లు ఉన్నా అది అద్దె ఇల్లు లాంటిది. మీ పోస్టు ఎంతమందికి కనిపించాలో ఆ కంపెనీ నిర్ణయిస్తుంది, నియమాలు రాత్రికి రాత్రి మారొచ్చు. అందుకని మొదటి రోజు నుంచే కస్టమర్ల ఈమెయిల్, ఫోన్ నంబర్ల జాబితా సొంతంగా కూడబెట్టుకోండి, కానీ వాళ్ళను అడిగి, ఒప్పుకున్నాకే. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీ తరఫున సుమారు 400 మందికి ఒకేసారి ఈమెయిల్ ప్రకటన వెళ్ళింది. మొట్టమొదటి స్పామ్ (అడక్కుండా వచ్చిపడే ఈమెయిల్ ప్రకటన) అంటే అందరూ చెప్పేది దాన్నే. దాని మీద వచ్చిన ఫిర్యాదులూ అప్పుడే మొదలయ్యాయి. ఇప్పుడది ఫిర్యాదుతో పోదు. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ చట్టం కింద వ్యక్తుల వివరాలు ఇష్టమొచ్చినట్టు వాడితే భారీ జరిమానా పడుతుంది. మీ దేశంలో నియమం ఏదైనా, వద్దన్నవాళ్ళ పేరు ఆ రోజే జాబితాలోంచి తీసేయండి.

5. చిన్నగా మొదలుపెట్టి లెక్కపెట్టండి

మీరు అనుకున్న బడ్జెట్‌లో పదో వంతుతో మొదలుపెట్టండి. రెండు ప్రకటనలు తయారుచేసి, రెండింటికీ వేర్వేరు కోడ్ ఇవ్వండి, కొన్నవాళ్ళు ఏది చూసి వచ్చారో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇది పాత పద్ధతే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో క్లాడ్ హాప్కిన్స్ లాంటి ప్రకటనల రచయితలు పేపరు ప్రకటనల్లో కూపన్లు పెట్టి, ఏ ప్రకటన చూసి ఎన్ని కూపన్లు వచ్చాయో లెక్కించేవారు.

లెక్క ఎలా చేయాలో చూడండి. రెండు ప్రకటనలకూ చెరో 6,000 ఖర్చయింది అనుకుందాం. మొదటిది చూసి 300 మంది మీ పేజీకి వచ్చారు, 12 మంది కొన్నారు. అంటే ఒక్కో కస్టమర్‌ను తెచ్చుకోవడానికి 500 పట్టింది. రెండోది చూసి వచ్చింది 150 మందే, కానీ 30 మంది కొన్నారు. ఒక్కొక్కరికి 200. ఒక్క దీపం మీద మీకు మిగిలేది 400 అయితే, మొదటి ప్రకటన ప్రతి అమ్మకానికీ 100 నష్టం తెస్తోంది, రెండోది 200 లాభం తెస్తోంది. పేజీకి వచ్చిన జనాన్ని మాత్రమే చూసి ఉంటే నష్టం తెచ్చేదానికే ఇంకా డబ్బు పెట్టేవారు. లైకులు, వ్యూలు చూసి పొంగిపోవద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకదానికి 12 మంది, ఇంకోదానికి 14 మంది వస్తే అది తేడా కింద లెక్క కాదు, ఇంకొన్నాళ్ళు ఆగండి. ఒకేసారి బొమ్మ, మాట, ధర మూడూ మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. కస్టమర్ మళ్ళీ మళ్ళీ కొనే వస్తువైతే మొదటి అమ్మకంలో కొంచెం నష్టం వచ్చినా ఫరవాలేదు, కానీ ఎన్నిసార్లు కొంటున్నారో మీ దగ్గర నిజమైన లెక్క ఉండాలి.

6. డిస్కౌంట్లను ఆచితూచి ఇవ్వండి

నెలనెలా తగ్గింపు ఇస్తే అసలు ధరకు ఎవరూ కొనరు, తరవాతి ఆఫర్ కోసం కాచుకుని కూర్చుంటారు. తగ్గింపుకు ఒక కారణం, ఒక చివరి తేదీ ఉండాలి. ఆ తేదీ దాటాక నిజంగానే ఆపేయాలి. ధర పెంచి, దాన్ని కొట్టేసి తగ్గించినట్టు చూపడం మోసం. అలాగే డబ్బు తీసుకుని మీ వస్తువు గురించి చెప్పేవాళ్ళు ఆ సంగతి చూసేవాళ్ళకు తెలియజేయాలి. చాలా దేశాల్లో ఇది నియమం కూడా.

7. అమ్మాక వదిలేయకండి

తెలిసినవాళ్ళు చెబితే కలిగే నమ్మకం ఏ ప్రకటనతోనూ రాదు. 1996లో మొదలైన హాట్‌మెయిల్ ఈ నమ్మకాన్నే వాడుకుంది. దానిలోంచి వెళ్ళే ప్రతి ఉత్తరం అడుగున, మీరూ ఉచితంగా ఈమెయిల్ తెరుచుకోవచ్చని ఒక చిన్న వాక్యం ఉండేది. ఆ ఉత్తరం వచ్చేది స్నేహితుల నుంచి, బంధువుల నుంచి. 1997 చివర్లో మైక్రోసాఫ్ట్ కొనే నాటికి దాన్ని వాడేవాళ్ళు 80 లక్షలు దాటారు. మీ వస్తువు కూడా నలుగురి కంటబడేలా ఏం చేయవచ్చో ఆలోచించండి: పెట్టె మీద ఒక మాట, బిల్లుతో పాటు స్నేహితుడికి ఇవ్వడానికి ఒక కూపన్.

రివ్యూ రాయమని అడగడానికి సరైన సమయం డబ్బు కట్టినప్పుడు కాదు, నాలుగు రోజులు వాడాక. చెడు రివ్యూ వస్తే చెరిపేయించాలని చూడకండి. జరిగింది ఒప్పుకుని, ఏం చేస్తున్నారో అదే చోట రెండు వాక్యాల్లో రాయండి. కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్ళు ఫిర్యాదుతో పాటు మీ జవాబు కూడా చదువుతారు. స్విచ్ గట్టిగా ఉందని ముగ్గురు రాశారనుకోండి, ప్రకటన ఓ వారం ఆపి ముందు స్విచ్ మార్పించండి. ఆ తరవాత మొదటి కొత్త దీపాలు ఆ ముగ్గురికే పంపించి, ఎలా ఉందో ఫోన్ చేసి అడగండి.