ట్రయాథ్లాన్ సైక్లింగ్: విశాఖ ఉక్కపోతలో సైకిల్ మీద ఏం తినాలి, ఎలా తాగాలి?

విశాఖలో ట్రయాథ్లాన్‌కి, అంటే ఈత, సైకిల్, పరుగు వరసగా ఆపకుండా చేసే పోటీకి తయారయ్యేవాళ్లు సైకిల్ మీద లక్షలు పెడతారు, చక్రాల బరువు గ్రాముల్లో లెక్కేస్తారు. గంటకు ఎంత తింటున్నారు, ఎంత తాగుతున్నారు అని అడిగితే మాత్రం చెప్పలేరు. ఆదివారం పొద్దున భీమిలి నుంచి తిరిగొస్తూ రుషికొండ దగ్గర తల వేలాడేసి కూర్చున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్ల కాళ్లలో బలం లేక కాదు, కడుపులోకి సరిపడా పోక.

ముందు సామాన్ల సంగతి. మొదటి రేసుకి మామూలు రోడ్ బైక్ (సన్న టైర్ల సైకిల్) చాలు. సీటు మీద కూర్చుని మడమను కింది పెడల్ మీద పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు ముందు పాదంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. టైరు మీద అచ్చువేసిన గరిష్ఠ ప్రెజర్ వరకూ గాలి కొట్టకండి. హెల్మెట్, స్పేర్ ట్యూబు, చిన్న పంపు లేకుండా గేటు దాటొద్దు. బీచ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఏరో బార్ల మీద (ముంజేతులు ఆన్చి ముందుకు వంగడానికి హ్యాండిల్‌కి బిగించే కడ్డీలు) పడుకుని తొక్కడం మానేయండి, ఆ పొజిషన్‌లో బ్రేకు చేతికి అందదు. సీసాలు రెండూ ఫ్రేము మీదే ఉండాలి. సీటు వెనక పెట్టినవి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరిపడతాయి.

ట్రైనింగ్ కూడా సింపులే. వారానికి ఒక లాంగ్ రైడ్, ఒక గట్టి రైడ్. గట్టి రైడ్‌కి కైలాసగిరి ఎక్కుడు ఉంది. లాంగ్ రైడ్‌కి ఆర్కే బీచ్ నుంచి భీమిలి, రానూ పోనూ సుమారు 60 కిలోమీటర్లు. పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగం దాటొద్దు. ఎండాకాలంలో నైరుతి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి భీమిలి వైపు స్పీడ్ బాగా వస్తుంది. అది మీ ఫిట్‌నెస్ అనుకుని రెచ్చిపోతే తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురొస్తుంది. దిగగానే ఇరవై నిమిషాలు పరిగెత్తండి.

ఇక అందరూ పాడుచేసే పని దగ్గరికి వద్దాం. దీన్ని తొందరపడకుండా చదవండి.

హాఫ్ దూరం ట్రయాథ్లాన్‌లో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. మూడింటిలో నెమ్మదిగా తినగలిగేది సైకిల్ మీదే. పరుగుకి కావలసినదంతా అక్కడే లోపలికి పోవాలి. మన దగ్గర ఇంకో చిక్కుంది. సైకిల్ మీద వెళ్తుంటే గాలికి చెమట ఆరిపోతుంది, ఎంత పోయిందో తెలియదు. దిగి పరుగు మొదలుపెట్టాక ఆ గాలి ఉండదు. ఉక్కపోతకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేశాక తాగుదాం అని కూర్చుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది.

నేను వాడేది పంచదార నీళ్లు. 750 మిల్లీలీటర్ల సీసాకి 45 గ్రాముల పంచదార, పావు టీస్పూన్ ఉప్పు, ఒక నిమ్మకాయ. పంచదారను తూకం వేయండి, చెంచాలతో ఉజ్జాయింపుగా వేయకండి. నిమ్మకాయ తప్పనిసరి, అది లేకపోతే రెండో గంటకి ఆ తీపి మొహం మొత్తి తాగడం మానేస్తారు. ప్యాకెట్లలో వచ్చే చిక్కటి తీపి పాకం లాంటి ఖరీదైన జెల్‌లు లేకపోతే రేసు అవ్వదని చాలామంది అనుకుంటారు. పేగులు గ్లూకోజ్‌ని గంటకు దాదాపు 60 గ్రాములే లాక్కోగలవు, ఫ్రక్టోజ్ అనే ఇంకో రకం చక్కెర వేరే దారిలో లోపలికి వెళ్తుంది. రెండూ కలిసి ఉంటే ఎక్కువ పడుతుంది. పంచదారలో ఆ రెండూ సగం సగం ఉంటాయి. కిరాణా కొట్టులో దొరికేదానికి అంతకంటే ఏం కావాలి?

కొబ్బరి నీళ్లతో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. రైడ్ అయ్యాక హాయిగా తాగండి. కానీ అందులో ఎక్కువగా ఉండేది పొటాషియం. చెమటలో ప్రధానంగా పోయేది సోడియం. ఉప్పు లేకుండా వట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగడం ఇంకా ప్రమాదం. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి, ప్రాణం మీదకు కూడా రావచ్చు. షుగర్, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా నా కొలతలు పట్టుకోవద్దు.

గంటకు ఒక సీసా, దాంతోపాటు ఒక చక్కెరకేళి. అమృతపాణి వద్దు, పెద్దది, జేబులో నలిగిపోతుంది. ఇంట్లోనే తొడిమ కొద్దిగా చీల్చి జెర్సీ వెనక జేబులో పెట్టుకుంటే ఒక్క చేత్తో, పళ్లతో ఒలుచుకోవచ్చు. రెండో చేయి హ్యాండిల్ మధ్యలో, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే ముక్క) పక్కన ఉండాలి. చివర పట్టుకుంటే జేబు వైపు వంగగానే ముందు చక్రం పక్కకు లాగేస్తుంది. ఎక్కుడులో తినకండి, చదునుగా ఉన్నచోట తినండి.

ఈత అయ్యాక మొదటి పావుగంట రెండు గుక్కలు మించొద్దు. అప్పటికి ఉప్పునీళ్లు మింగి ఉంటారు, గుండె దడదడలాడుతుంటుంది, కడుపు దేన్నీ తీసుకోదు. ఆ తర్వాత వాచీలో పదిహేను నిమిషాలకోసారి అలారం పెట్టండి. మోగగానే మూడు నాలుగు గుక్కలు, అరగంటకోసారి సగం అరటిపండు. దాహం ఉన్నా లేకపోయినా అంతే. ఒకసారి మర్చిపోతే తర్వాత రెండింతలు మింగి సరిచేయాలని చూడకండి, కడుపు పట్టేస్తుంది. చివరి పావుగంట గట్టి పదార్థం ఏదీ వద్దు.

ఇదంతా మొదటి ఆదివారమే కడుపు ఒప్పుకోదు. గంటకు 40 గ్రాముల పిండిపదార్థంతో (పంచదార, అరటిపండు అన్నీ కలిపి) మొదలుపెట్టి, వారానికి పది గ్రాములు చొప్పున 60, 70 దాకా పెంచండి. కండరాల్లాగే పేగులకీ అలవాటు చేయాలి. రేసు రోజు కొత్త రకం ఏదీ నోట్లో పెట్టకండి, ఎవరు ఫ్రీగా ఇచ్చినా సరే.

మీ చెమట ఎంతో తెలియాలంటే బయల్దేరే ముందు, వచ్చి ఒళ్లు తుడుచుకున్నాక బరువు చూసుకోండి. రెండు గంటల్లో కిలో తగ్గి, ఈలోపు లీటరున్నర తాగారంటే పోయిన చెమట రెండున్నర లీటర్లు, అంటే గంటకు లీటరుంపావు. మొత్తం తిరిగి పోయనక్కర్లేదు. ఒంటి బరువులో రెండు శాతం లోపు తగ్గితే చాలు. బరువు పెరిగిందంటే ఎక్కువ తాగారని అర్థం. ఈ లెక్క మే నెలలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి విడిగా వేయండి.

ఇంటికి రాగానే సీసాలు వేడినీళ్లతో, బ్రష్‌తో కడిగి బోర్లించండి. మూత నాజిల్ విప్పి చూడండి, పంచదార నీళ్లకి నల్ల బూజు అక్కడే పడుతుంది. స్టెమ్ బోల్టుల మీద కారిన చెమట తడిగుడ్డతో తుడిచి, చైన్ ఆరబెట్టి ఆయిల్ వేయండి. మన సముద్రపు గాలికి ఒక్క రాత్రి వదిలేసినా తుప్పు మొదలవుతుంది.