కరపత్రంలో ఎరుపు వెలిసిపోతోందా? నాకు పనిచేసిన పద్ధతి

కంప్యూటర్ తెరపై మా ఆవకాయ నోరూరించేంత ఎర్రగా మెరిసేది. అదే బొమ్మ కరపత్రంపై అచ్చయి వచ్చేసరికి ఇటుకపొడి రంగుకు తిరిగేది. తెర వెలుతురు తగ్గించి చూశాను, మందపాటి కాగితం వాడాను, ప్రెస్సు మార్చాను, ఫలితం లేదు.

చిక్కంతా ఫైలులోనే ఉంది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను కలిపి రంగు చూపిస్తుంది; అదే ఆర్‌జీబీ. ప్రెస్సుకు ఉన్నవి సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు సిరాలు, అది సీఎంవైకే. వెలుగుకున్న మెరుపంతా సిరాకు రాదు. నేను ఆర్‌జీబీ ఫైలు పంపడంతో సీఎంవైకేలోకి మార్పిడి నా కళ్లెదుట జరగలేదు.

ఈసారి ముందుగా ప్రెస్సువారి కలర్ ప్రొఫైల్, అంటే వాళ్ల సిరా, కాగితంపై రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు, అడిగి తెచ్చుకున్నాను. ఫోటోను నేనే సీఎంవైకేలోకి మార్చాను. తర్వాత కారం ఉన్న భాగాన్ని మాత్రమే ఎంచుకుని సయాన్ తగ్గిస్తూ వచ్చాను. కీలకం ఇదే: ఎరుపులో కలిసిన కాస్త సయానే దాన్ని మట్టిరంగు చేస్తుంది. మామిడి ముక్క అంచున అది 18 శాతం నుంచి 4కు దిగగానే కారానికి ప్రాణం వచ్చింది. నీడలను ముట్టుకోలేదు, అక్కడ కూడా తీసేస్తే ముక్కలు అట్టముక్కల్లా చదునుగా కనిపిస్తాయి. ధర అంకెలను నలుపు సిరా ఒక్కదానితోనే ఉంచాను, అంచులు చెదరకుండా. చివరికి అదే కాగితంపై ఒక్క ప్రతి తీయించి, పగటి వెలుతురులో సీసా పక్కన పెట్టి సరిచూశాను.

నాది ఆర్ట్ పేపరు, ఆఫ్‌సెట్ ముద్రణ. సిరా పీల్చే మామూలు కాగితంపైనా, ఫ్లెక్సీపైనా ఇవే అంకెలు కుదురుతాయని చెప్పలేను. చిలకపచ్చ అయితే నాకు ఇప్పటికీ తెర మీదున్నంతగా రాలేదు.